ఐఎల్‌ఆర్ (బ్రిటన్‌లో గడువు లేకుండా ఉండే అనుమతి) వచ్చాక బ్రిటిష్ పౌరసత్వం తీసుకోవాలా, భారత పాస్‌పోర్టుతోనే ఉండిపోవాలా?

తెనాలి ఆడపడుచు (రీడింగ్):
అందరికీ నమస్కారం. భార్య హోదాలో వీసా మీద వచ్చి ఐదేళ్ల దారి దాటాను. పోయిన నెల ఐఎల్‌ఆర్ వచ్చింది. వచ్చిందంటే చేతికి కార్డేమీ రాలేదు, ఈ-వీసా ఖాతాలో ఒక వాక్యం మారింది, అంతే. మా ఆయన ఇక్కడే పుట్టిన బ్రిటిష్ పౌరులు. ఆలస్యం చేయకుండా పౌరసత్వానికి పెట్టెయ్యమంటున్నారు. తెనాలిలో మా నాన్నగారు ససేమిరా అంటున్నారు. నా పేర రాయాలనుకున్న ఎకరంన్నర పొలం ఏమవుతుందని ఒక బెంగ, తనకేదైనా అయితే కూతురు వీసా తెచ్చుకుని రావలసి వస్తుందని ఇంకో బెంగ. ఐఎల్‌ఆర్ ఇవ్వనిది, పౌరసత్వం మాత్రమే ఇచ్చేది నిజంగా ఏమైనా ఉందా? దేశభక్తి ఉపన్యాసాలు ఇంట్లో రెండు వైపుల నుంచీ వింటూనే ఉన్నాను, అవి తప్ప ఏమైనా చెప్పండి.

స్లౌ పెద్దాయన:
అమ్మా, నేను చాలా ఏళ్లుగా ఐఎల్‌ఆర్ మీదే ఉన్నాను. ఉద్యోగం, వ్యాపారం, ఇల్లు, వైద్యం, దేనికీ అడ్డు రాలేదు. ఇకపై నీ హోదాకు నీ భర్త సంతకంతో పని లేదు, ఏటా 1,035 పౌండ్ల ఆరోగ్య రుసుమూ లేదు. ఇక్కడ నీకు బిడ్డ పుడితే పుట్టుకతోనే బ్రిటిష్ పౌరసత్వం. చివరికి ఓటు కూడా ఉంది. మనం కామన్వెల్త్ పౌరులం కాబట్టి భారత పాస్‌పోర్టుతోనే ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు, ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. అమ్మానాన్నలను తెచ్చుకోవచ్చని ఎవరైనా ఆశ పెడితే నమ్మకు. పెద్దవయసు తల్లిదండ్రుల వీసాను 2012లోనే పీక నొక్కేశారు, పౌరులకైనా ఐఎల్‌ఆర్ వారికైనా అదే తలుపు, అదే తాళం. మరి 2025 ఏప్రిల్ నాటి లెక్క ప్రకారం ఐఎల్‌ఆర్‌కు 3,029 పౌండ్లు కట్టాక, పౌరసత్వ ప్రమాణపు వేడుక రుసుముతో కలిపి ఇంకో 1,735 ఎందుకు కట్టాలి? పారిస్ వెళ్లడానికి వీసా అడగరనా?

వరంగల్ అల్లుడు (బర్మింగ్‌హామ్):
పెద్దాయన గారూ, మీరు చెప్పినవన్నీ ఈ దేశంలో ఉన్నంతకాలం నిజమే. బయటికి వెళ్లినప్పటి సంగతి వదిలేశారు. వరసగా రెండేళ్లకు మించి బయట ఉంటే ఐఎల్‌ఆర్ దానంతటదే రద్దవుతుంది.

నా విషయం చెబుతాను. నా భార్య ఇక్కడి పౌరురాలు, నేను ఆమె వెంట వచ్చినవాణ్ణి. మా అమ్మకు వయసు మీద పడింది, ఒక్కతే హనుమకొండలో ఉంటోంది. కొన్నేళ్లు అక్కడే ఉండి చూసుకుందామని ఇద్దరం అనుకున్నాం. నేను ఐఎల్‌ఆర్ మీదే వెళ్తే ఏమవుతుంది? మూడో ఏట తిరిగి రావాలనుకుంటే, తిరిగివచ్చే నివాసుల వీసా ఒకటుంది కాని, ఈ దేశంతో నా బంధం తెగలేదని అధికారిని ఒప్పించాలి. ఒప్పుకోకపోతే మళ్లీ మొదటి మెట్టు: క్షయ పరీక్ష, ఆంగ్ల పరీక్ష, మరో ఐదేళ్లు. 2024 ఏప్రిల్ 11 నుంచి భాగస్వామిని తెచ్చుకునేవారి వార్షిక ఆదాయపు గీత 18,600 నుంచి 29,000 పౌండ్లకు పెరిగింది. ఆ తేదీకి ముందే దారిలో ఉన్నవాళ్లకు పాత గీతే వర్తిస్తుంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు వర్తించదు. హైదరాబాదులో ఉన్న నా భార్య, ఇక్కడ మూడు నెలల్లో చేరబోయే ఉద్యోగాన్ని ఆ జీతంతో చూపించాలి, అక్కడి సంపాదన కూడా ఆ స్థాయిలో ఉందని చూపించాలి. హైదరాబాదు జీతం పౌండ్లలోకి మారిస్తే ఎంతమందికి ఆ గీత అందుతుంది? లేదంటే 88,500 పౌండ్ల పొదుపు ఆరు నెలలుగా ఖాతాలో ఉండాలి. అంత డబ్బు ఊరికే మూలుగుతుంటే నేను ఈ చర్చలోకే రాను.

కాబట్టి భారత్‌లో ఎక్కువకాలం ఉండాలనుకునేవారే ముందు బ్రిటిష్ పౌరసత్వం తీసుకోవాలంటాను. వినడానికి తలకిందులుగా ఉన్నా లెక్క అంతే. ఆ పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు భారత్ ఇచ్చే జీవితకాలపు వీసా లాంటిది) ఉంటే అక్కడ పదేళ్లున్నా రెండు తలుపులూ తెరిచే ఉంటాయి.

కృష్ణా కరకట్ట:
ఇంత తర్జనభర్జన దేనికి? రెండు పాస్‌పోర్టులూ ఉంచుకోండి. ఎవరు చూస్తారు?

ఫారాల పురుగు (లెస్టర్):
కరకట్ట గారూ, దయచేసి ఇలాంటి సలహా ఇవ్వకండి. రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షను చెప్పేది ఒకటే: ఇష్టపూర్వకంగా పరాయి పౌరసత్వం తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్టు పుస్తకం మీ బీరువాలో ఉన్నా మీరు భారత పౌరులు కారు. దానితో ప్రయాణిస్తే పాస్‌పోర్టుల చట్టం కింద నేరం. తర్వాత ఓసీఐకి వెళ్లినప్పుడు పాత పుస్తకంలోని ముద్రలన్నీ చూస్తారు, జరిమానా వేస్తారు.

ఇక తెనాలి చెల్లెమ్మా, పొలం సంగతి. మీ నాన్నగారి బెంగ న్యాయమైనదే, కాని దానికి కారణం పౌరసత్వం కాదు. విదేశీ మారక నిబంధనల ప్రకారం భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ కూడా వ్యవసాయ భూమి కొనకూడదు, దానంగా పుచ్చుకోకూడదు. అంటే ఈరోజు, పాస్‌పోర్టు నీ చేతిలో ఉండగానే, ఆయన ఆ ఎకరంన్నరను నీ పేర దానపత్రం రాస్తే అది చెల్లదు. వారసత్వంగా వస్తే మాత్రం ఎన్ఆర్ఐకీ ఓసీఐకీ ఇద్దరికీ చెల్లుతుంది. ఆయన చేయవలసింది వీలునామా రాసి రిజిస్టరు చేయించడం. పెళ్లికి ముందే, నువ్వు అక్కడ నివాసముండగా పసుపు కుంకుమ కింద నీ పేర రిజిస్టరైన భూమి ఏదైనా ఉంటే దాన్ని నిశ్చింతగా ఉంచుకో. అమ్మేటప్పుడు మాత్రం భారత్‌లో నివసించే భారత పౌరుడికే అమ్మాలి.

పౌరసత్వం వదిలితే నిజంగా పోయేవి వేరే ఉన్నాయి. అక్కడ ఓటు, ఎన్నికల్లో నిలబడే హక్కు, ప్రభుత్వ ఉద్యోగం, ఎప్పుడైనా తిరిగివెళ్లి స్థిరపడి పొలం కొనుక్కునే అవకాశం. 2021 మార్చి మార్పు తర్వాత ఓసీఐ కార్డు పొందిన పిల్లలను నీట్ వంటి ప్రవేశాల్లో ఎన్ఆర్ఐలతో సమానంగా చూస్తున్నారు, డాక్టరు చదువు అక్కడే చదివించాలనుకునేవాళ్లు అది చూసుకోవాలి. మనసు మారితే వెనక్కి ఒక దారి ఉంది: ఐదేళ్లు ఓసీఐగా ఉండి, అందులో చివరి ఏడాది భారత్‌లో నివసిస్తే మళ్లీ పౌరసత్వానికి అడగవచ్చు. అప్పుడు బ్రిటిష్‌ది వదులుకోవాలి.

స్లౌ పెద్దాయన:
పురుగు గారూ, ఓసీఐని హక్కులా చెబుతున్నారు. అది ప్రభుత్వం దయతో ఇచ్చేది. షరతులు మారుస్తూనే ఉన్నారు, మీరు చెప్పిన 2021 మార్పే అందుకు సాక్ష్యం. చట్టంలో రద్దు చేసే అధికారమూ ఉంది. పుట్టిన ఊరికి వెళ్లడానికి నాకు కార్డు కావాలా? రాజుగారికీ ఆయన వారసులకూ విధేయుడనని నోటితో పలకడం నాకు చేతకాదు. ఇది ఉపన్యాసం కాదు, నా గొంతు సంగతి.

ఫారాల పురుగు (లెస్టర్):
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. అయితే అదే తూకంతో ఐఎల్‌ఆర్‌నూ తూచండి. అదీ ఇక్కడి ప్రభుత్వం ఇచ్చిన అనుమతే. పన్నెండు నెలలు, ఆపైన జైలు శిక్ష పడితే దేశం దాటించే చట్టం ఐఎల్‌ఆర్ వారికి వర్తిస్తుంది, పౌరులకు వర్తించదు. 2025 మేలో వచ్చిన శ్వేతపత్రం మామూలు స్థిరనివాసపు గడువును ఐదు నుంచి పదేళ్లకు పెంచాలంది. బ్రిటిష్ పౌరుల భాగస్వాములకు ఐదేళ్లే ఉంచుతామంది, సరే. రేపు ఏ పార్టీ ఏమంటుందో మీరు పూచీ ఇస్తారా?

కవెంట్రీ కోడలు:
అందరూ రెండు ప్రభుత్వాల గురించి మాట్లాడుతున్నారు, ఇంటి గురించి ఎవరూ అడగడం లేదు. తెనాలి అక్కా, మీ ఆయన తొందరపెడుతున్నారు, నాన్నగారు ఆపుతున్నారు. మీకేం కావాలో మీరు రాయనేలేదు.

ఇది ఎందుకంటున్నానంటే, పౌరుల భార్యాభర్తలకున్న సులువు పెళ్లి మీద ఆధారపడింది. 1981 బ్రిటిష్ జాతీయత చట్టం 6(2) సెక్షను కింద మీకు మూడేళ్ల నివాసం చాలు, ఐఎల్‌ఆర్ వచ్చిన మరునాడే పెట్టుకోవచ్చు. మిగతావాళ్లకు 6(1): ఐదేళ్ల నివాసం, ఐఎల్‌ఆర్ తర్వాత మామూలుగా ఒక ఏడాది ఆగడం. దరఖాస్తు నాటికి పెళ్లి నిలిచి ఉండాలి. ఐఎల్‌ఆర్ మాత్రం కాపురం చెడినా మీదే. ఐదేళ్లూ మొగుడి జీతపు కాగితాల మీద ఊపిరి పీల్చుకుని, ఐఎల్‌ఆర్ వచ్చిన రోజున తలుపేసుకుని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. ఆ మెట్టు మీరు ఎక్కేశారు. ఇక మిగిలింది మీ ఇష్టం, మీ వేగం. నేనైతే తీసుకున్నాను. నా డబ్బుతో, నాకు తోచినప్పుడు.

తెనాలి ఆడపడుచు (రీడింగ్):
కోడలు గారూ, గట్టిగానే తగిలింది. నాకు తీసుకోవాలనే ఉంది. అయితే సంక్రాంతి తర్వాత నాన్నగారికి మోకాలి ఆపరేషను, నేను దగ్గరుండాలి. ముందు దరఖాస్తు పెట్టి వెళ్లనా, వచ్చాక పెట్టనా? మధ్యలో పాస్‌పోర్టు లేకుండా ఇరుక్కుంటానేమోనని భయం.

ఫారాల పురుగు (లెస్టర్):
ఇరుక్కునేది దరఖాస్తు దగ్గర కాదు, వేడుక దగ్గర. దరఖాస్తు నడుస్తుండగా భారత పాస్‌పోర్టుతో వెళ్లిరావచ్చు. వేడుకలో ప్రమాణం చేశాక దాన్ని వాడకూడదు. అక్కడి నుంచి బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చేదాకా నువ్వు ఎక్కడికీ కదలలేవు. అది వచ్చాక పాతదాన్ని సరెండర్ చేయాలి, తర్వాత ఓసీఐ. ఓసీఐ ఆలస్యమైనా భారత్ ఇచ్చే ఈ-వీసాతో వెళ్లవచ్చు. వేడుకకు పిలుపు వచ్చాక మూడు నెలల గడువుంటుంది, ఆపరేషను చూసుకుని తేదీ ఎంచుకో.

ఒకవేళ వచ్చాకే పెడతానంటే రోజులు లెక్కపెట్టుకో. దరఖాస్తుకు ముందరి మూడేళ్లలో 270 రోజులు, చివరి ఏడాదిలో 90 రోజులు మించి బయట ఉండకూడదు. సరిగ్గా మూడేళ్ల కిందటి ఆ తేదీన నువ్వు ఈ దేశంలో ఉండి ఉండాలి, చాలామంది తప్పేది అక్కడే. ఆపరేషను తర్వాత నాన్నగారు కోలుకునేదాకా నెలల తరబడి ఉండేటట్లయితే ముందే పెట్టి వెళ్లడం మేలు.

స్లౌ పెద్దాయన:
ఏది చేసినా వీలునామా మాత్రం ఆపరేషనుకు ముందే రిజిస్టరు చేయించమను తల్లీ.