‘జీవన ఎరువు’ని ‘మందు’ అనొచ్చా?

ప్రశ్న: రైజోబియం, అజోస్పైరిల్లం ప్యాకెట్ల మీద ‘జీవన ఎరువు’ అని ఉంటుంది. షాపులో మాత్రం ‘వేరుశనగ గింజలకి ఈ మందు పట్టించు’ అంటారు. అడుగుమందు, పైమందు అని ఎరువుని మందు అనడం మనకి అలవాటే కదా, దీన్నీ అలాగే అంటే తప్పేంటి?

జవాబు: వాడుకని తప్పనను గానీ, ఈ ఒక్క చోట నష్టం రైతుకే. ప్యాకెట్లో ఉన్నది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చే, బతికున్న బాక్టీరియా. ఎండ తగిలే రేకుల షెడ్డులో పడేస్తే చచ్చిపోతుంది, పొడి మాత్రం అంతకుముందులాగే నల్లగా ఉంటుంది, చూసి ఎవరూ పోల్చుకోలేరు. 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి జీవన ఎరువుల్ని తెచ్చారు, దాని ప్రకారం గ్రాము రైజోబియం పొడిలో కనీసం 5 కోట్ల బతికున్న కణాలుండాలి. వాటిని లెక్కపెట్టి చూసుకునే వీలు రైతుకెక్కడిది? అందుకే గడువు దాటిన ప్యాకెట్ అంటగట్టడాన్ని నేను మోసమనే అంటాను.

ఇంకోటి, ‘మందు’ అనగానే అన్నీ ఒకే బేసిన్లో కలిపేస్తారు. విత్తనశుద్ధిలో ముందు తెగులు మందు, తర్వాత పురుగుమందు, అన్నిటికన్నా చివర చల్లార్చిన బెల్లం పాకంతో రైజోబియం పట్టించి నీడలో ఆరబెట్టాలి. వరస తప్పితే తెగులు మందే దాన్ని చంపేయొచ్చు. పని చేసిందో లేదో పూత సమయంలో మొక్క పీకి వేరు బుడిపెని గోరుతో చీల్చి చూడండి, లోపల గులాబీ రంగుంటే నత్రజని పడుతున్నట్టే, బూడిద రంగో ఆకుపచ్చో ఉంటే లేనట్టే.

వ్యాఖ్య: మరి ‘కల్చర్’ అంటే సరిపోదా? మా వైపు పెద్దవాళ్లు అదే అంటారు.

జవాబు: భేషుగ్గా సరిపోతుందండీ, ‘మందు’ కన్నా వెయ్యి రెట్లు నయం. నా అభ్యంతరమల్లా ‘మేలు చేసే బాక్టీరియా’ అని మాత్రమే రాసి జాతి పేరు దాచే లేబుళ్ల మీద. మేలు ఎవరికి? బర్ఖోల్డేరియా సెపాసియానే తీసుకోండి, పైరు తెగుళ్లని అడ్డుకుంటుందని దాన్ని వాడాలని చూశారు, కానీ సిస్టిక్ ఫైబ్రోసిస్ (పుట్టుకతో వచ్చే, ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లో అదే ప్రాణాంతకమవుతుంది. చేత్తో కలిపేది రైతు, కూలీలు, కాబట్టి ఏ బాక్టీరియానో, ఎప్పుడు తయారైందో, ఎంత చల్లని చోట ఉంచాలో తెలుగులో, చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండాలి. పైన ‘ఇది బతికున్నది’ అని ఒక్క ముక్క రాసినా చాలా ప్యాకెట్లు ఎండలోంచి లోపలికి వస్తాయి.