బిడ్డకు అమెరికా కాలేజీల బాస్కెట్‌బాల్ సీటు, పైన కోటి రూపాయలు అంటుండు. నమ్మొచ్చా?

నల్లగొండ కండక్టర్:
అందరికీ నమస్తే. నేను ఆర్టీసీల కండక్టర్ని. మా పెద్దబిడ్డ ఇంటర్ సెకండియర్, ఐదడుగుల పదకొండు అంగుళాల ఎత్తు. చిన్నప్పటి నుంచి బాస్కెట్‌బాల్ ఆడుతది, స్టేట్ మీట్‌కు కూడా పోయొచ్చింది. మొన్న హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెన్సీ ఆయన వచ్చిండు. ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌ల పిల్ల ఆట వీడియో తీసుకున్నడు. ఇంటికొచ్చి చాయ్ తాగుకుంట ఒకటే చెప్పుడు: అమెరికాల రూల్ మారింది, కాలేజీ పిల్లలకు కంపెనీలే పైసలిస్తున్నయి, ఫీజు మాఫీ, పైన యాడ్‌ల మీద ఏడాదికి కోటి దాకా వస్తది అని. ఫోన్‌ల ఇద్దరు అక్కచెల్లెళ్ల వీడియో చూపించిండు. న్యూయార్క్‌ల ఇంత పెద్ద బోర్డు మీద వాళ్ల ఫొటో. ఫైల్ పెట్టాలంటే మూడు లక్షలు కట్టాలెనట. వచ్చే స్కాలర్‌షిప్ విలువల పది శాతం ఆయనకే అని కాగితం మీద సంతకం కూడా పెట్టాలెనట. మా ఇంటామె పుస్తెలతాడు కుదువ పెడదామంటది. తెలిసినోళ్లు ఉంటే చెప్పుండ్రి.

మిర్యాలగూడ మనిషి:
వెనుకట పాలమూరు లేబర్‌ను బొంబాయి తోలుకపోయిన మేస్త్రీలు కూడా ముందు అడ్వాన్స్ ఇచ్చి తోలుకపోయిండ్రు అన్నా. ఈయన మీ దగ్గరే అడ్వాన్స్ అడుగుతుండు.

వనపర్తి నుంచి ఇండియానా:
అన్నా నమస్తే. మాది వనపర్తి, ఉద్యోగం ఇండియానాల. ఈ రాష్ట్రంల బాస్కెట్‌బాల్ పిచ్చి ఎట్లుంటదంటే కాలేజీ జట్ల పెద్ద టోర్నీ నడిచే మార్చి నెలల మా ఆఫీసుల పని సగమే నడుస్తది. అందుకే కొంచెం పొడుగ్గ రాస్తున్న, ఏమనుకోకుండ్రి.

ఆయన చూపించిన వీడియో అబద్ధం కాదు. వాళ్లు కావిండర్ కవలలు అయ్యుంటరు. ఆటగాళ్లు తమ పేరు మీద, ఫొటో మీద సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ, అంటే అక్కడి కాలేజీ ఆటలు నడిపే సంస్థ, పెట్టిన రూల్ అమలైంది 2021 జులై 1న. అదే రోజు వాళ్లు బూస్ట్ మొబైల్‌తోని ఒప్పందం చేసుకున్నరు. కానీ అప్పటికే టిక్‌టాక్‌ల వాళ్లను లక్షల మంది చూస్తున్నరు, పైగా వాళ్లు అమెరికా పిల్లలే. ఈ రెండు ముక్కలు ఆయన చెప్పిండా మీకు?

పైసలైతే నిజం. 2022ల నైజెల్ ప్యాక్ అనే పిల్లగాడు కాన్సస్ స్టేట్ నుంచి మయామి కాలేజీకి మారిండు. ఆ కాలేజీ అంటే పడిచచ్చే ఒక వ్యాపారి, రెండేండ్లకు 8 లక్షల డాలర్లు, ఇంకో కారు ఇస్తున్నమని దాపరికం లేకుంట చెప్పిండు. ఇదివరకు కోచ్ ఇంటికొచ్చి, అమ్మానాయనల ముందట కూసొని, మీ పిల్లగాన్ని నేను చూసుకుంట అనేటోడు. ఇప్పుడు ఏజెంట్ ఫోన్ చేసి ముందు ఎంతిస్తరని అడుగుతుండు. కాలేజీల చేరకముందే ఈ పైసల బేరం మాట్లాడొద్దని ఎన్‌సీఏఏ రూల్ ఉండె. 2024 ఫిబ్రవరిల టెన్నెసీల ఫెడరల్ జడ్జి దాన్ని అమలు చేయకుంట ఆపిండు. అదే ఏడాది, చదువు సరిగ్గ ఉంటే ఎన్నిసార్లు కాలేజీ మారినా ఏడాది ఖాళీగ కూసునే పని లేకుంట అయింది. 2025 జులై నుంచి కాలేజీలే నేరుగ పంచుతున్నయి, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ 2.05 కోట్ల డాలర్ల దాకా. అది అన్ని ఆటలకు కలిపి. పెద్ద ముద్ద అమెరికా ఫుట్‌బాల్‌కు (మన ఫుట్‌బాల్ కాదు), ఆ తర్వాత మగపిల్లల బాస్కెట్‌బాల్‌కు. ఆడపిల్లల దాకా వచ్చేసరికి గిన్నె అడుగే.

దీంతోని ఇంకోటి అయింది. కోచ్‌లు పదిహేడేండ్ల పిల్లల దిక్కు చూసుడు తగ్గించిండ్రు. ఇంకో కాలేజీల మూడేండ్లు ఆడి ఒళ్లు గట్టిపడ్డోన్ని తెచ్చుకుంటే ఈ సీజన్‌లనే గెలవొచ్చు కదా. మయామి కోచ్ జిమ్ లారన్యాగా 2023ల జట్టును ఫైనల్ ఫోర్ దాకా, అంటే ఆ టోర్నీల చివరి నాలుగు జట్ల దాకా, తీసుకపోయిండు. ఆ వెంటనే ఎనిమిది మంది వేరే కాలేజీ చూసుకుంటమన్నరని ఆయనే చెప్పుకున్నడు. 2024 డిసెంబర్‌ల సీజన్ నడుమనే దిగిపోయిండు. నాకైతే ఆయన మీద సగం జాలే. కోచ్‌లు ఏండ్లకేండ్లు కోట్ల జీతాలు తీసుకున్నప్పుడు ఇది ఆటకు చేటు అని ఎవరూ ఏడ్వలె.

ఇగ మీకు అసలు పనికొచ్చే మాట. మీ బిడ్డ వచ్చేది ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద. క్యాంపస్‌ల వారానికి 20 గంటల చిన్న పని తప్ప బయట సంపాదన మీద గట్టి ఆంక్షలుంటయి. యాడ్‌ల నిలబడి పైసలు తీసుకుంటే పని కిందికే వస్తది, వీసాకే ఎసరు. మా దగ్గర పర్డ్యూ యూనివర్సిటీల జాక్ ఈడీ ఆడిండు, ఏడడుగుల నాలుగంగుళాల మనిషి, 2023, 2024 వరుసగ కాలేజీ బాస్కెట్‌బాల్‌ల దేశంల ఉత్తమ ఆటగాడు. కెనడా వాడు కాబట్టి తోటి ఆటగాళ్ల లెక్క యాడ్‌లు చేసుకోలేకపోయిండు. కెంటకీ యూనివర్సిటీల ఆడిన ఆస్కార్ షీబ్వేది కాంగో. 2022 ఎండకాలం జట్టు బహమాస్ పోతే, అది అమెరికా నేల కాదు కాబట్టి, యాడ్‌ల పని అక్కడ చేసుకున్నడు. ఇప్పుడు యూరప్ నుంచి వచ్చేటోళ్లకు లాయర్లు ఏవో సందులు వెతుకుతున్నరు, అది పెద్ద క్లబ్‌లల్ల ఆడొచ్చినోళ్ల ముచ్చట. నల్లగొండ నుంచి వచ్చే పిల్లకు ఏడాదికి కోటి అన్నోడు మోసగాడన్నా కావాలె, ఏం తెల్వనోడన్నా కావాలె.

పాలమూరు పీఈటీ:
పైన తమ్ముడు చెప్పింది కరెక్టు. కానీ కోటి లేదని పిల్ల ఆశ మొత్తం తెంపకుండ్రి. పూర్తి స్కాలర్‌షిప్ అంటే ఫీజు, హాస్టల్, తిండి, పుస్తకాలు, అది తక్కువది కాదు. హర్‌సిమ్రన్ కౌర్ శాన్ డియాగో యూనివర్సిటీల ఆడింది, బెంగళూరు పిల్ల సంజనా రమేష్ నార్తర్న్ ఆరిజోనాల ఆడింది.

ఆ పది శాతం కాగితం మీద మాత్రం చచ్చినా సంతకం పెట్టకుండ్రి. స్కాలర్‌షిప్ ఇప్పించినందుకు దాంట్ల వాటా తీసుకునేటోన్ని ఎన్‌సీఏఏ ఏజెంట్ కింద లెక్కగడ్తది. పిల్ల ఆడే అర్హతే పోవచ్చు.

మీరే చేసుకునే పని ఇది. ఆడే అర్హత చూసే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌ల పేరు నమోదు చేయాలె. డివిజన్ వన్‌కు, అంటే అన్నిటికన్న పై స్థాయి కాలేజీలకు, ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ లాంటివి కలిపి 16 కోర్సులు, 2.3 జీపీఏ (మార్కుల సగటు, నాలుగుకు లెక్క) చూస్తరు. మన మార్కులను వాళ్లే వాళ్ల లెక్కలకు మార్చుకుంటరు. వీడియో అంటే పాట పెట్టి కోసిన మంచి మంచి షాట్లు ఒక్కటే సరిపోవు, ఒక పూర్తి మ్యాచ్ కూడా పెట్టాలె. డిఫెన్స్‌ల కాళ్లు ఎట్ల కదుల్తయి, బాల్ పోగొట్టుకున్నంక వెనక్కు ఉరుకుతదా నిలబడ్తదా, అది చూస్తరు కోచ్‌లు. ఫోన్ ఎత్తు మీద పెట్టి, కోర్టు సగం కనపడేటట్టు తీయండ్రి. మెయిల్ అసిస్టెంట్ కోచ్‌లకు పంపాలె. ఎన్‌ఏఐఏ అనే ఇంకో సంస్థ కింద ఆడే చిన్న కాలేజీలు, రెండేండ్ల జూనియర్ కాలేజీలు కూడా వదలొద్దు.

ఇంకో సంగతి, ఆడపిల్లలకు అక్కడ ఆరో సైజు బాల్. మన బడులల్ల అందరికీ కలిపి ఒకటే ఏడో సైజు ఉంటది, అది కూడా సిమెంట్ కోర్టు మీద గీకి గీకి నున్నగైతది. పిల్లకు ఆరో సైజు కొనియ్యుండ్రి. చెయ్యి దానికి అలవాటైనంకనే వీడియో తీయాలె.

నల్లగొండ కండక్టర్:
ఇందాకనే ఆయనకు ఫోన్ చేసి వీసా సంగతి అడిగిన. అవన్నీ మేం చూసుకుంటం సార్, ముందు సగం కట్టండ్రి అన్నడు. పెట్టేసిన. పీఈటీ సార్, మార్కులు పదో తరగతివి, ఇంటర్‌వి చాలా? తొమ్మిదోది ఇంట్ల కనపడ్తలేదు.

పాలమూరు పీఈటీ:
చాలవు, తొమ్మిదో తరగతి నుంచి అడుగుతరు. చదివిన బడికి పోయి హెడ్మాస్టర్‌కు దరఖాస్తు పెట్టుండ్రి, రిజిస్టర్ చూసి మార్కుల కాగితం రాసిస్తరు. ఇంగ్లిష్‌ల రాయించి సంతకం, ముద్ర వేయించుకోండ్రి. ఎండకాలం సెలవులు రాకముందే పోండ్రి.