యోగా క్లాసులో కళ్లు తిరుగుతున్నాయి, ఎవరైనా చెప్పండి ప్లీజ్

కాఫీపొడి:
సాయంత్రం నుంచి ఫోన్ పట్టుకుని వెతుకుతూనే ఉన్నాను. ఒకరు ఔనన్నది ఇంకొకరు కాదంటారు, తల వాచిపోయింది. తిరుపతిలో మా బైరాగిపట్టెడలోనే ఒక యోగా క్లాసులో చేరాను. ఒళ్లు తగ్గాలి, ఆఫీసు టెన్షన్ తగ్గాలి అని. ఆసనాల వరకు హాయిగానే ఉంటుంది. కపాలభాతి, అదే ముక్కుతో గబగబా గాలి బయటికి ఊదడం, మొదలుపెట్టగానే వేళ్ల కొసలు జివ్వుమంటాయి, పెదవుల చుట్టూ తిమ్మిరి. చివర్లో శవాసనం నుంచి లేస్తే పైన ఫ్యాను, గోడమీది గడియారం పక్కకు జరుగుతాయి. నిన్న గోడ పట్టుకుని నిలబడ్డాను. మేడమ్ "అలవాటైపోతుందిలే అమ్మా" అంటారు. మానేయాలా? మూడు నెలల ఫీజు ముందే కట్టేశాను.

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా, కపాలభాతిని ప్రాణాయామం అని నేర్పేచోటే ఈ తిప్పలన్నీ. అది షట్క్రియల్లో ఒకటి. ధౌతి, వస్తి, నేతి, నౌళి, త్రాటకం, కపాలభాతి. శుద్ధి కోసం చేసేది. ఇప్పుడు పొట్ట తగ్గుతుందని అందరిచేతా చేయిస్తున్నారు.

చిత్తూరు చిన్నోడు:
బీపీ ఉందా? మందులేమైనా?

మెట్లదారి:
గదిలో కూర్చుని గాలి పీల్చడానికి ఫీజు ఎందుకక్కా? వారానికోసారి అలిపిరి నుంచి ఎక్కండి. 3,550 మెట్లు, ఒళ్లూ తగ్గుతుంది, మనసూ తేలికవుతుంది.

రేణిగుంట బండి:
కళ్లు తిరుగుతున్నాయి అంటుంటే మెట్లెక్కమంటావేంది సామీ! ఎక్కితే శ్రీవారి మెట్టు, 2,388తో అయిపోతుంది.

మెట్లదారి:
లెక్క తక్కువే, నిటారు ఎక్కువ. అలిపిరి దారిలో గాలిగోపురం దాటితే చాలాదూరం చదునే, మళ్లీ మోకాళ్లమిట్ట దగ్గరే ఆయాసం. ఎక్కి చూసి మాట్లాడు.

బెంగళూరు అల్లుడు:
పిలాటిస్ చూడండి. జోసెఫ్ పిలాటిస్ అనే జర్మన్ తయారుచేసిన పద్ధతి. పొట్ట, నడుము కండరాలకు మంచిది, ఊపిరి కూడా కదలికతో కలిపే ఉంటుంది, ఇలా ఊదించరు.

రిటైర్డ్ మాస్టారు:
మన దగ్గర లేనిది ఆయన దగ్గర ఏముంది నాయనా?

చిత్తూరు చిన్నోడు:
అక్కా, బీపీ సంగతి చెప్పలేదు.

కాఫీపొడి:
ఆ, ఉంది. రెండేళ్లుగా మాత్ర వేసుకుంటున్నా. దానికీ దీనికీ ఏం సంబంధం? మేడమ్ అడగలేదు, నేనూ చెప్పలేదు. క్లాసు ఆరున్నరకు, ఆఫీసు నుంచి నేరుగా వెళ్తాను. మధ్యాహ్నం భోజనం తర్వాత ఏమీ తినను.

వార్డు డ్యూటీ:
సంబంధం అక్కడే ఉంది. గబగబా గాలి వదిలేస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు ముడుచుకుంటాయి. ఆ జివ్వు, తిమ్మిరి, తల తేలడం దానివల్లే కావచ్చు. పడుకుని లేచినప్పుడు తిరగడం వేరే విషయం. నిలబడగానే బీపీ ఒక్కసారిగా పడితే అలా అవుతుంది, కొన్ని బీపీ మాత్రలతో ఇంకా ఎక్కువ. శవాసనం అయ్యాక పక్కకు తిరిగి కాసేపు అలాగే ఉండండి, తర్వాత చేయి నేలకు ఆనించి లేచి కూర్చోండి, ఆ తర్వాతే నిలబడండి. కపాలభాతి బీపీ ఉన్నవాళ్లకు వద్దనే చెబుతారు, ఆ టైములో మామూలుగా ఊపిరి తీసుకుంటూ కూర్చోండి. మాత్ర మాత్రం మీకు మీరే ఆపకండి. డాక్టరు దగ్గర పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూపించుకోండి.

రిటైర్డ్ మాస్టారు:
నిదానంగా చేయిస్తే బీపీ వాళ్లకూ ఏమీ కాదు. నా దగ్గర ఎంతోమంది చేశారు.

వార్డు డ్యూటీ:
చేయించండి మాస్టారూ. పడిపోతే స్ట్రెచర్ తోసేది మేమే కదా.

రిటైర్డ్ మాస్టారు:
ఇంగ్లీషు మందు చదివినవాళ్లకు శాస్త్రం అంటే వెటకారమే.

కాఫీపొడి:
సరే, థ్యాంక్స్. డాక్టరుకు చూపించుకుని మేడమ్‌కు చెబుతా. మిగతా ఫీజు వెనక్కి ఇస్తారా?

రేణిగుంట బండి:
ఇయ్యరు.

మెట్లదారి:
నడిచి వెళ్లేవాళ్లకు దివ్యదర్శనం టోకెన్లు ఇప్పుడు యాడ ఇస్తున్నారో ఎవరికైనా తెలుసా?