బంగారం వేయకపోయినా చుక్కలు మెరుస్తున్నాయి, ఇది కెటలిస్ట్ పనేనా?

ల్యాబ్‌కోతి:
కెటలిస్ట్‌గా (ఉత్ప్రేరకంగా) వాడిన బంగారు నానోకణాల మీద, అంతగా వెలగని రెసాజురిన్ అనే రంగు బాగా వెలిగే రెసొరూఫిన్‌గా మారడాన్ని టిర్ఫ్ మైక్రోస్కోప్‌లో (గాజును అంటుకున్న పలచటి పొరనే వెలిగించి చూపేది) చూస్తున్నాను. ఆ మార్పు కోసం హైడ్రాక్సిలమీన్ (రిడక్షన్ చేసే రసాయనం) కలిపాను, 532 నానోమీటర్ల లేజర్. కణాలున్న చోట చుక్కలు వెలిగి ఆరుతున్నాయి. బంగారం వేయని కవర్‌స్లిప్ (పలచటి గాజు బిళ్ల) మీద కూడా అలాగే మెరుస్తున్నాయి! వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, ఒకటే టెన్షన్.

సూక్ష్మదర్శి:
ఇది అందరికీ ఎదురయ్యేదే తమ్ముడూ. రెసాజురిన్ పొడిలోనే కాస్త రెసొరూఫిన్ కలిసి వస్తుంది, గాజు మీద మురికి సరేసరి. అసలు దొంగ మాత్రం లేజరే. వెలుతురు తగిలినా రెసాజురిన్ రెసొరూఫిన్ అయిపోతుంది. పవర్ సగానికి తగ్గించి చూడు. చుక్క ఆరాక మళ్లీ వెలగడానికి పట్టే సమయం మారకపోతే కెటలిస్ట్ పని అనుకోవచ్చు. హైడ్రాక్సిలమీన్ లేకుండా ఒక స్లైడ్ కూడా చెయ్యి. బఫర్ పీహెచ్ 7కి పైనే ఉంచు, ఆమ్లంలో రెసొరూఫిన్ మసకబారుతుంది.

పాతపేపర్లు:
అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పెంగ్ చెన్ బృందం 2008లో 6 నానోమీటర్ల బంగారు కణాల మీద చేసింది ఈ రియాక్షనే. చుక్క ఆరి ఉన్నంతసేపూ కణం కొత్త అణువును తయారు చేస్తున్నట్టు. వెలిగి ఉన్నంతసేపూ ఆ అణువు కణాన్ని అంటుకుని ఉన్నట్టు. వదిలేసిందంటే ద్రవంలో చకచకా తిరిగేస్తుంది, కెమెరాకి దొరకదు. ఒకే బ్యాచ్‌లోని కణాలు కూడా ఒక్కోటి ఒక్కోలా ప్రవర్తించాయి. ఫ్లాస్కులో సగటు కొలిస్తే ఆ తేడా కనపడనే కనపడదు. నాకు నచ్చింది అదే.

రిఫైనరీరావు:
మా లోకం వేరండీ. విశాఖ రిఫైనరీలోలాంటి ఎఫ్‌సీసీ యూనిట్లలో (బరువైన చమురును పెట్రోలు లాంటి తేలిక ఇంధనాలుగా విరగ్గొట్టేవి) తిరిగే కెటలిస్ట్ గుండ్రటి పొడి, సన్న ఇసుకలా ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌ యూనివర్సిటీలో వెక్‌హైసెన్ బృందం అలాంటి రేణువులకు థయోఫీన్, స్టైరీన్ జాతి రసాయనాలు పట్టించింది. ఆమ్ల స్థానాలున్న చోట అవి ఒకదానికొకటి అతుక్కుని ఫ్లోరోసెన్స్ ఇస్తాయి, అంటే లేజర్ పడితే వెలుగుతాయి. జియోలైట్ (రేణువులో అసలు పని చేసే, సన్న రంధ్రాల ఆమ్ల పదార్థం) ఉన్న చోట్లు వెలుగుతాయి, వాడి వాడి నీరసించిన రేణువు మసకగా కనిపిస్తుంది. ఒక్కో అణువును లెక్కపెట్టే ఓపిక మాకెక్కడిది!

శంకరాభిప్రాయం:
అంతా బాగానే ఉంది గానీ, వెలిగే పదార్థం పుట్టే రియాక్షన్లే కదా కనిపించేవి? అమోనియా తయారీ ఇలా ఎలా చూస్తారు?

పాతపేపర్లు:
నేరుగా చూడలేం. అయితే 2019లో చెన్ బృందమే ఒక ఉపాయం చూపింది. వెలగని రియాక్టెంట్‌ని వెలిగే రియాక్షన్‌తో పోటీకి దింపారు. అది ఎక్కడ చోటు ఆక్రమిస్తే అక్కడ మెరుపులు తగ్గుతాయి. ఆ తగ్గుదలే సమాచారం. అమోనియాకి వాడే వేడి, పీడనాల్లో ఈ రంగులు నిలవవు, అక్కడ మీ మాటే రైటు.

ల్యాబ్‌కోతి:
అన్నా, పవర్ సగం చేశాను. ఉత్త గాజు మీద చుక్కలు బాగా పలచబడ్డాయి. బంగారం మీద ఆరి ఉండే సమయం దాదాపు మారలేదు. కణాలు లేని గాజు మీద వచ్చే మెరుపుల రేటును మొత్తం నుంచి తీసేస్తే చాలా, లేక ప్రతి కణం పక్కనున్న ఖాళీ చోటును విడిగా లెక్కెయ్యాలా?

సూక్ష్మదర్శి:
పక్కనున్న ఖాళీనే తీసుకో. లేజర్ కాంతి ఫీల్డ్ అంతా ఒకేలా పడదు, అంచుల్లో తక్కువ.