పాటలు వింటూ ఇంటర్వెల్ పరుగులు కొట్టేవాళ్ళు టైం ఎలా చూసుకుంటున్నారు?

కరకట్ట_కుర్రాడు:
పొద్దున 5.15కి విజయవాడ కృష్ణలంక కరకట్ట మీద పరిగెత్తుతా. ఒక నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు మెల్లగా, అలా 8 సార్లు. టైమర్ యాప్ బీప్ పాటలో కలిసిపోతోంది. ఫోన్ చూసుకుంటూ పరిగెత్తి మొన్న స్పీడ్ బ్రేకర్ దగ్గర బోర్లా పడ్డా. స్మార్ట్ వాచీ కొనే స్తోమత లేదు. మీరేం చేస్తున్నారు? చెమటకి ఇయర్‌ఫోన్స్ జారకుండా ఉపాయం ఉన్నా చెప్పండి.

పటమట_పద్మ:
బీప్ వినపడకపోవడం నయం. నా యాప్ అసలు మధ్యలోనే చచ్చిపోయేది. ఫోన్ లాక్ పడగానే బ్యాటరీ సేవర్ దాన్ని మూసేస్తోందని మూణ్ణెల్లకి తెలిసింది. ఆ మూణ్ణెల్లూ "ఇవాళ భలే దమ్ముంది, ఆగకుండా లాగేశా" అని మురిసిపోయా. సెట్టింగ్స్‌లో ఆ యాప్ ఒక్కదానికి బ్యాటరీ ఆంక్ష తీసేయండి.

పల్లవి_పరుగు:
యాప్ దేనికి? పల్లవికి పరుగు, చరణానికి నడక. రెండేళ్ళుగా నాది ఇదే లెక్క.

అరండల్‌పేట_మిర్చిబజ్జి:
దాన్ని అంత్యాక్షరి అంటారు అన్నా. పల్లవి ఒక పాటలో 20 సెకన్లుంటే ఇంకోదాంట్లో ముప్పావు నిమిషం. మధ్యలో మ్యూజిక్ బిట్ వస్తే ఏం చేస్తావు, నిలబడి వేణువు ఊదుతావా?

పల్లవి_పరుగు:
మ్యూజిక్ బిట్ నడకలోకే వస్తుంది. పాత పాటల్లో ఒక తూకం ఉంటుంది, వినేవాడికి తెలుస్తుంది. ఈ మధ్య పాటలకి ఉన్నది ఒక్క చరణమే, అది మీ గుంటూరోళ్ళ ఓపికకి సరిపోద్ది.

అరండల్‌పేట_మిర్చిబజ్జి:
ఊరి జోలికి రావద్దు. ఎన్టీఆర్ స్టేడియంలో మేం చెమటలు కక్కుతూ చుట్లు కొడుతుంటే మీరు కృష్ణ ఒడ్డున కచేరీ పెట్టుకున్నారు. నీ పాట లిస్టు ఇక్కడ పెట్టు, స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కో పల్లవీ కొలిచి చూపిస్తా.

పల్లవి_పరుగు:
కొలువు. పరిగెత్తడం చేతకానోడు కొలతలే పెట్టుకోవాలి.

టబాటా_రాజా:
గొడవెందుకు, టబాటా చెయ్యండి. 20 సెకన్లు పరుగు, 10 సెకన్లు ఆగడం, 8 సార్లు. 4 నిమిషాల్లో ఖతం, ఒక్క పాటలో అయిపోద్ది. నేను రోజూ 5 రౌండ్లు చేస్తా.

లెక్కల_మాష్టారి_అబ్బాయి:
తమ్ముడూ, 1996లో జపాన్ పరిశోధకుడు టబాటా వాళ్ళు చేయించింది నేలమీద పరుగు కాదు, ల్యాబ్ సైకిలు. ఒళ్ళు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ స్థాయికి 170 శాతం తీవ్రత. ఏడో ఎనిమిదో సారికి తొక్కేవాడు కూలబడిపోవాలని దాని లెక్క. రోజుకి 5 రౌండ్లు చేసి ఇక్కడ టైపు కొడుతున్నావంటే నువ్వు చేసేది ఇంకేదో.

టబాటా_రాజా:
వీడియోలో కోచ్ అలాగే చెప్పాడు. మీరేమన్నా కోచా?

రిటైర్డ్_పీఈటీ:
నేను కోచ్‌నే, 36 ఏళ్ళు విజిల్ ఊదాను కాబట్టి చెప్తున్నా. చెకోస్లోవేకియా రన్నర్ జటోపెక్ 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5000 మీటర్లు, 10000 మీటర్లు, మారథాన్ మూడూ కొట్టాడు. ప్రాక్టీసులో 400 మీటర్ల పరుగులు పదుల కొద్దీ పరిగెత్తిన మనిషి. ఆయన చెవిలో ఏ పాట మోగింది? మీకు గడియారమూ వద్దు, పల్లవీ వద్దు. నాడి చూసుకోండి. జర్మన్ కోచ్ గెర్ష్‌లర్ పద్ధతి అదే: నాడి 180 దాకా ఎక్కాలి, 120కి దిగాకే మళ్ళీ పరుగు. మెడ పక్కన వేళ్ళు పెట్టి 10 సెకన్లు లెక్కపెట్టండి, 20 వస్తే బయల్దేరండి.

పటమట_పద్మ:
ఆ 10 సెకన్లు దేంతో చూడాలి మాస్టారూ?

రిటైర్డ్_పీఈటీ:
చేతివాచీతో అమ్మా. బీసెంట్ రోడ్డులో మామూలు డిజిటల్ వాచీలు దొరకవా?

అరండల్‌పేట_మిర్చిబజ్జి:
గడియారం వద్దని ఇప్పుడేగా అన్నారు సార్!

లెక్కల_మాష్టారి_అబ్బాయి:
కుర్రాడా, నీ దగ్గర కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ అని ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకో, ఉచితమే. నీకు నచ్చిన పాటలు వరుసగా పేర్చి 29 నిమిషాలకి కత్తిరించు. కింద ఇంకో ట్రాకులో విజిల్ శబ్దం పెట్టు. మొదటి 5 నిమిషాలు వార్మప్, ఆ పైన 5, 6, 8, 9, 11, 12 నిమిషాల దగ్గర, అలా 27 దాకా. పరుగు మొదలయ్యే చోట రెండు విజిళ్ళు, ఆపే చోట ఒకటి పెడితే తికమక ఉండదు. "ఆటో డక్" అని ఒక ఎఫెక్ట్ ఉంది, విజిల్ రాగానే పాట సౌండ్ దానంతటదే తగ్గుతుంది. మొత్తం ఒకే ఎంపీ3గా దించుకో. విడివిడి పాటలుగా ఉంచావో, షఫుల్ నొక్కుకుపోయినా, ఒక పాట చివర్న ఇంకో పాట కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉన్నా లెక్కంతా గోవిందా. నేనట్టా పాటకి 12 సెకన్ల చొప్పున పోగొట్టుకుని, నా స్పీడు పెరిగిందని నెల రోజులు ఇంట్లో డప్పు కొట్టుకున్నా.

పటమట_పద్మ:
హమ్మయ్య, నేనొక్కదాన్నే కాదన్నమాట.

వన్‌టౌన్_వాకర్:
పరిగెత్తేవాళ్ళంతా ఒక చెవి ఖాళీగా ఉంచుకోండయ్యా. పొద్దున పాల బళ్ళు హారన్ కొట్టినా మీకు వినపడదు, మా నడిచేవాళ్ళ మీదికొచ్చి పడతారు. వెనకనుంచి "సైడ్" అని అరిచి అరిచి నా గొంతు పోయింది.

పల్లవి_పరుగు:
మీరు నలుగురూ రోడ్డంతా పరుచుకుని నడవడం మానితే ఆ అరుపులుండవు బాబాయ్.

వన్‌టౌన్_వాకర్:
రేపొచ్చి కనపడు, ఎవరు పరుచుకున్నారో తేల్చుకుందాం.

కరకట్ట_కుర్రాడు:
ఫైల్ చేశానన్నా, థాంక్స్. ఇంట్లో స్పీకర్లో పెట్టి చూస్తే రెండో విజిల్‌కి మా అమ్మ కుక్కర్ అనుకుని స్టవ్ కట్టేసింది. విజిల్ తీసి గంట పెట్టా.

రిటైర్డ్_పీఈటీ:
ఆదివారం రా నాయనా, అసలు విజిల్ నేనూదుతాను. నీ పాట నువ్వు ఒక చెవికి పెట్టుకో.

టబాటా_రాజా:
సార్, నాకూ మోకాలు కొంచెం పట్టేస్తోంది, రావచ్చా?