పవర్ సప్లై మారిస్తే పాట మెరుగవుతుందా?

అరండల్‌పేట శ్రోత:
మా ఇంట్లో 5 వోల్టుల అడాప్టర్‌తో నడిచే చిన్న డాక్ (డిజిటల్ పాటను యాంప్లిఫయర్‌కు పంపే సిగ్నల్‌గా మార్చే పెట్టె), నాన్నగారి నాటి యాంప్లిఫయర్ ఉన్నాయి. టీవీ కూడా ఆ యాంప్లిఫయర్‌కే కలిపి ఉంది. వీణ వింటున్నప్పుడు, తీగ మీటాక నాదం సన్నగిల్లే చోట సరిగ్గా హోరు పైకి తేలుతోంది. అడాప్టర్ తీసేసి 18,000 రూపాయల లీనియర్ పవర్ సప్లై (పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌తో కరెంటు ఇచ్చే వేరే పెట్టె) పెట్టుకొమ్మని దుకాణంలో చెప్పారు. కొనమంటారా?

పటమట ఇంజనీరు:
కొనవద్దు. లోపలికి వచ్చిన కరెంటును మళ్లీ శుద్ధి చేసే రెగ్యులేటర్లు డాక్‌లోనే ఉంటాయి. నిరుడు నేను అటువంటి పెట్టెనే కొని, ఏది పెట్టిందీ నాకు చెప్పకుండా మా అబ్బాయి చేత 20 సార్లు మార్పిస్తూ విన్నాను. 11 సార్లే సరిగా చెప్పగలిగాను. నాణెం ఎగరేసినా అంతే వచ్చేది. దుకాణం వారు దానిని వెనక్కి తీసుకోలేదు. ముందు మీ హోరు 50 హెర్ట్జ్‌లదో, 100 హెర్ట్జ్‌లదో తేల్చండి. 50 అయితే అది ఎర్త్ లూప్, అంటే కలిపిన పరికరాలు వేర్వేరు దారుల్లో ఎర్త్‌కు చేరి, ఆ చుట్టులో కరెంటు పారడం; 100 అయితే యాంప్లిఫయర్ లోపలి పవర్ సప్లైది. టీవీకి వచ్చే కేబుల్ తీగను పీకి చూడండి.

బ్రాడీపేట మెకానిక్:
పవర్ సప్లైతో తేడా రాదనడం తప్పు. మొన్న ఒక పాత యాంప్లిఫయర్ విప్పితే, 10,000 మైక్రోఫారడ్‌ల ఫిల్టర్ కెపాసిటర్లు (కరెంటులో ఎగుడుదిగుళ్లను సర్దేవి) రెండూ నెత్తి ఉబ్బి, అడుగున గోధుమరంగు జిగురు కారి ఉన్నాయి. వాటిని మార్చగానే హోరు పోవడమే కాదు, మృదంగం ఎడమవైపు మోతకు బరువు వచ్చింది. ఇక 50 అంటే ఎర్త్ లూపేనని ఎలా అంటారు? ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జిలో ఉన్న నాలుగు డయోడ్లలో ఒకటి తెగినా 50 హెర్ట్జ్‌ల హోరే వస్తుంది.

గవర్నర్‌పేట:
సాయంత్రం వోల్టేజీ ఎంత ఉంటోందో చూశారా?

పటమట ఇంజనీరు:
డయోడ్ తెగడం అరుదు. పైగా మీరు చెప్పినది మరమ్మతు; అడిగినది కొత్త పెట్టె గురించి.

బ్రాడీపేట మెకానిక్:
అరుదని మీరంటారు, వారానికొకటి మార్చేవాడిని నేను. మీటరులో తేడా చూపిస్తేనే కూలి ఇస్తానని ఒకాయన నా చేత పనంతా చేయించుకొని డబ్బు ఎగవేశారు. 30 ఏళ్లుగా చెవితో పని చేసేవాడి మాటకు మీ దగ్గరా విలువ లేదు.

పటమట ఇంజనీరు:
మీ చెవిని నేను తక్కువ చేయలేదండీ. తేడా వస్తుందని మీ వంటివారు రాసిన మాటనే చూపించి నాకు ఆ పెట్టెను అంటగట్టారు. నా బాధ అది.

బ్రాడీపేట మెకానిక్:
నా బాధ కూడా వినండి. ఏమీ తేడా రాదని మీరు రాస్తే, 800 రూపాయల కెపాసిటర్లతో బతికే సెట్టును జనం పాతసామాను బండికి వేస్తారు. వేడి 10 డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. గుంటూరు ఎండల్లో, గాలి ఆడని షోకేసులో ఉన్న యాంప్లిఫయర్ సంగతి మీరే ఆలోచించండి.

అరండల్‌పేట శ్రోత:
కేబుల్ తీగను పీకి చూశాను, హోరు చాలావరకు పోయింది. స్పీకరుకు చెవి ఆనిస్తే మాత్రం ఇంకా సన్నగా వినబడుతోంది.

పటమట ఇంజనీరు:
చెప్పానుగా, ఎర్త్ లూపే.

బ్రాడీపేట మెకానిక్:
మిగిలినది కెపాసిటర్లది. ప్లగ్గు పీకినా వాటిలో చార్జి నిలిచి ఉంటుంది కనుక మీరు విప్పవద్దు. సెట్టు తీసుకొని రండి, చూసినందుకు డబ్బు తీసుకోను.