క్లాంప్ మీటర్ సున్నా చూపిస్తే తీగల మధ్య అయస్కాంత క్షేత్రం లేనట్టేనా?

ఫేజ్_న్యూట్రల్:
గీజర్ వైరు మొత్తాన్ని క్లాంప్ మీటర్‌లో (తీగ చుట్టూ దవడలా బిగించి కరెంటు కొలిచేది) పెడితే సున్నా. ఫేజ్ ఒక్కటే విడదీసి పెడితే 9 ఆంపియర్ల దాకా చూపిస్తుంది. రెండు తీగల్లో కరెంటు ఎదురెదురుగా పోతుంది కాబట్టి ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి మింగేస్తుంది, ఎక్కడా ఏమీ మిగలదు అని నా వాదన. కాదనేవాళ్లు లెక్కతో చెప్పండి.

ఇంటర్_లెక్చరర్:
లెక్కే చెప్తా. మీటర్ దవడ ఏదో ఒక చోట క్షేత్రాన్ని కొలవదండీ, తన చుట్టూ ఉన్నదంతా కూడుతుంది, ఆ కూడిక లోపలినుంచి పోయే నికర కరెంటును బట్టే ఉంటుంది, అది ఆంపియర్ నియమం. నికరం సున్నా గనక మీటర్‌కి సున్నా. అంతమాత్రాన ప్రతి బిందువులోనూ సున్నా అంటే ఎలా? తీగల మధ్య 4 మిల్లీమీటర్లు, కరెంటు 10 ఆంపియర్లు అనుకోండి. సరిగ్గా మధ్యలో ఒక్కో తీగ 1 మిల్లీటెస్లా ఇస్తుంది. కుడిచేతి బొటనవేలి నియమం (బొటనవేలు కరెంటు దిక్కు చూపిస్తే మడిచిన వేళ్లు క్షేత్రం దిక్కు) పెట్టి చూడండి, అక్కడ రెండూ ఒకే దిక్కు. మొత్తం 2 మిల్లీటెస్లాలు! మన దగ్గర భూమి క్షేత్రం 40 మైక్రోటెస్లాల చుట్టుపక్కల, అంటే దానికి యాభై రెట్లు. తగ్గేది బయట. అక్కడ కూడా పూర్తిగా పోదు, కాకపోతే దూరం రెట్టింపైతే ఒంటి తీగది సగమైతే ఈ జంటది దాదాపు పావు వంతుకు పడిపోతుంది.

రిపేర్_షాప్:
సార్ చెప్పింది కరెక్ట్. ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, నడిచేదే దీని మీద. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకే రింగులోంచి పోతాయి, ఎవరికైనా షాక్ కొట్టి కొంత కరెంటు నేలలోకి పోతే లెక్క తప్పి, ఇళ్లలో వాడేవి 30 మిల్లీఆంపియర్ల లోపే ట్రిప్ అవుతాయి.

ఫేజ్_న్యూట్రల్:
ప్లస్, మైనస్ ఆవేశాల మధ్య కూడా క్షేత్రాలు ఇలాగే కలుస్తాయి. మరి విద్యుత్ క్షేత్రానికీ దీనికీ తేడా ఏంటి సార్?

ఇంటర్_లెక్చరర్:
కలిసే పద్ధతి ఒకటే, రెండూ సదిశలే, అంటే దిక్కు కూడా ఉన్న రాశులే. ఆ తర్వాతే దారులు వేరు. ప్లస్‌ను ఒంటరిగా పెట్టొచ్చు, విద్యుత్ బలరేఖలు అక్కడ మొదలవుతాయి. అయస్కాంతాన్ని ఎన్ని ముక్కలు చేసినా ముక్కకి రెండు ధ్రువాలు ఉండాల్సిందే, దాని రేఖలకు మొదలూ చివరా లేవు. నిలబడి ఉన్న ఆవేశాన్ని అయస్కాంత క్షేత్రం అసలు ముట్టుకోదు, కదిలేదాన్ని దాని దారికి అడ్డంగా తోస్తుంది, అందుకే దారి వంగుతుంది కానీ వేగం పెరగదు.

పరీక్షించాలంటే మెయిన్స్ (ఇంటి కరెంటు) జోలికి పోవద్దు, అది దిక్కు మారుతూ ఉండే ఏసీ కరెంటు, దానికి దిక్సూచి ముల్లు తిరగదు కూడా. టార్చి బ్యాటరీకి పొడుగు తీగ తీసుకుని ఉత్తర దక్షిణాలుగా మడిచి, ఒక వరస దిక్సూచి పైనుంచి, ఇంకోటి కిందనుంచి పోనిచ్చి, క్షణం సేపు తాకించండి. తర్వాత రెండు వరసలూ కలిపి పైనే పెట్టి మళ్లీ తాకించండి. ముల్లు ఎప్పుడు ఎంత తిరిగిందో ఇక్కడ రాయండి.